తక్కువ గుర్తు

ఉత్తరం సోమవారం ఉదయం ఏడింటికి వచ్చింది. మూడు వాక్యాలు. పలకరింపు లేదు.

ఆర్ కొత్త వెర్షన్ మీద మీ ప్యాకేజీ పరీక్ష తప్పింది. పద్నాలుగు రోజుల్లో సరిచెయ్యండి. లేకపోతే తీసేస్తాం.

నాకు అలాంటి ఉత్తరాలే ఇష్టం. నేనూ అలాగే రాస్తాను.

ఆర్ అనేది గణాంకాల పని చేసేవాళ్ల కంప్యూటర్ భాష. ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరైనా కొత్త పనిముట్టు తయారుచేసి అందులో చేర్చవచ్చు. ఆ పనిముట్లనే ప్యాకేజీలంటారు. అన్నీ ఒక ఉమ్మడి గిడ్డంగిలో ఉంటాయి. దానికి కాపలా ఉండేవాళ్లు జీతం లేని మనుషులు. ప్యాకేజీ చేసినవాడు బతికున్నన్నాళ్లూ దాని బాగోగులు చూసుకోవాలి. చూసుకోకపోతే గుమ్మం బయట పెడతారు. మొహమాటాలుండవు.

నా ప్యాకేజీ పేరు మోతాదు. ఆసుపత్రుల్లో ఒక ఘాటైన మందు వాడతారు. అది తక్కువైతే జబ్బు లొంగదు, ఎక్కువైతే మూత్రపిండాలు పోతాయి. అందుకని రోజూ పొద్దున్నే రోగి రక్తం తీసి, అందులో మందు ఎంత మిగిలిందో చూస్తారు. ఆ అంకెను బట్టి ఆ రోజు ఎంత ఎక్కించాలో నిర్ణయిస్తారు. ఆ లెక్క చేసేదే నా ప్యాకేజీ. వార్డుల్లో ఉన్నవాళ్లందరి అంకెలూ ఒక పట్టికగా ఇస్తే, ఒక్కొక్కరికీ మోతాదు చెబుతుంది.

నా బావమరిది ఆసుపత్రి మందుల విభాగంలో ఫార్మసిస్టు. కాగితం మీద లెక్కలేసుకుంటూ సతమతమయ్యేవాడు. "మా తమ్ముడికి ఏదైనా చేసిపెట్టండి. మీ చదువు ఇంకెందుకు మరి" అని మా ఆవిడ పోరితే చేశాను. ఎనిమిదేళ్లయింది. తరవాత దాన్ని ఎవరెవరో తీసుకున్నారు. వాడుతున్నామని నాకు రాసిన ఆసుపత్రులే నలభై పైన. రాయనివి ఎన్నో తెలియదు.

మా ఆవిడ పోయి మూడేళ్లు. బావమరిదితో మాటలు లేక మూడేళ్లు. రెండూ ఒకే వారంలో జరిగాయి.

ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్‌తో ఆవిడను వాడి ఆసుపత్రిలోనే చేర్చాం. ఆ మందే ఎక్కించారు. ఆరో రోజుకు మూత్రపిండాలు ఆగిపోయాయి. ఎనిమిదో రోజు పోయింది. కాగితాలన్నీ చేతికిచ్చినప్పుడు తిరగేశాను. మంగళవారం రక్తంలో మందు పద్దెనిమిది ఉంది. అంటే చాలినంత ఉంది. అయినా మోతాదు పెంచారు. బుధవారం పొద్దున దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి సగానికి తగ్గించారు. పక్కన నా బావమరిది సంతకం.

తప్పు చేసి దిద్దుకున్నాడని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. వరండాలో నలుగురి ముందూ అడిగాను. "తోడబుట్టినదాన్ని చేతులారా చంపుకున్నావు కదరా" అన్నాను. వాడు తల దించుకున్నాడు. ఒక్క మాట అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టే. మా ఊరి బడిలో ఎక్కం ఒకసారి తప్పితే మాస్టారు రెండోసారి చెప్పనిచ్చేవాడు కాదు. నేనూ చెప్పనివ్వలేదు.

పరీక్ష ఎందుకు తప్పిందో తెలుసుకోవడానికి పావుగంట పట్టింది. ఆర్ పెద్దలు ఒక పాత అలవాటు మాన్పించారు. ఇదివరకు పట్టికలో ఒక నిలువు వరసను చదివేటప్పుడు, ఒక్క గడిలో అంకె కానిది కనిపించినా ఆర్ ఆ వరస మొత్తాన్ని మాటలుగా తీసుకునేది. ఆ మాటలను నిఘంటువులో లాగా పేర్చుకుని ఒక్కోదానికి ఒక వరస నంబరు ఇచ్చుకునేది. కొత్త వెర్షన్ అలా చెయ్యదు. మంచి మార్పే. వార్డు పేర్ల దగ్గర నేను ఆ పాత అలవాటు మీద ఆధారపడ్డాను. ఒక మాట చేరిస్తే సరిపోయింది.

ఫైలు మూసేముందు పైనుంచి కింది దాకా చదవడం నాకు అలవాటు. నలభై ఒకటో పంక్తి దగ్గర ఆగిపోయాను.

రక్తపు అంకెల వరసను సంఖ్యలుగా మార్చే పంక్తి అది. నేనే రాశాను. కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. వరసలో అన్నీ అంకెలే ఉంటే దానికి ఏ రోగమూ లేదు. కానీ రక్తంలో మందు మరీ కొంచెమే ఉంటే ప్రయోగశాల యంత్రం అంకె వెయ్యదు. రెండు కన్నా తక్కువ అని చెప్పడానికి <2 అని వేస్తుంది. పదిమందిలో ఒక్కడి గడిలో ఆ గుర్తు ఉంటే చాలు. పదిమంది అంకెలూ మాటలైపోతాయి. అప్పుడు నా పంక్తి సంఖ్య అడిగితే, ఆర్ ఇచ్చేది అసలు అంకెను కాదు. వరస నంబరును.

ఒకసారి మా బడికి ఇన్‌స్పెక్టరు వచ్చి "నీ వయసెంతరా" అని అడిగితే, వరసలో నాలుగోవాడుగా నిలబడ్డ పిల్లాడు హడలిపోయి "నాలుగండీ" అన్నాడు. ఇదీ అంతే. కాకపోతే ఆ పిల్లాడు వణికాడు. ఆర్ వణకదు. చెప్పవలసింది చెప్పినట్టే చెబుతుంది. హెచ్చరిక కూడా ఉండదు.

పాత వెర్షన్ తెరిచి ఏడు అంకెలు రాశాను. ఒకటి <2. మిగతావి ఏడు, తొమ్మిది, పదకొండు, పద్నాలుగు, ఇరవై రెండు, పద్దెనిమిది. పద్దెనిమిది ఎందుకు రాశానో నాకు తెలుసు. నడిపాను.

పద్దెనిమిది ఉండవలసిన చోట నాలుగు వచ్చింది. మాటలుగా పేరిస్తే ముందు గుర్తు, తరవాత పదకొండు, పద్నాలుగు, నాలుగోది పద్దెనిమిది. నాలుగంటే మందు చాలడం లేదని. దాని పక్కన 'మోతాదు పెంచండి' అని వచ్చింది. ఆ మాట రాసిందీ నేనే. మర్యాదగా రాశాను.

లేచి కిటికీ దాకా వెళ్లి, ఎందుకు వెళ్లానో తెలియక తిరిగి వచ్చి కూర్చున్నాను. మళ్లీ నడిపాను. మళ్లీ నాలుగే.

ప్యాకేజీతో పాటు నేను రాసిన పరీక్షలు అరవై రెండు. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. అన్నింట్లోనూ శుభ్రమైన అంకెలే. నాకు చెత్త పడదు. అందుకే పరీక్షలకు కూడా చెత్త పెట్టలేదు.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ప్యాకేజీ వాడేవాళ్లు ఫిర్యాదులు రాసుకోవడానికి ఒక పేజీ ఉంటుంది. పాతవి వెతికాను. దొరికింది. ఐదేళ్ల కిందటిది. రాసినవాడు పెట్టుకున్న పేరు 'మూడోఅంతస్తు'. ఫొటో లేదు.

'సార్, వరసలో తక్కువ గుర్తు ఉన్న రోజున ఫలితాలు తేడాగా వస్తున్నాయని అనుమానం. వీలుంటే ఒకసారి చూడగలరా?'

కింద నా జవాబు.

'డేటా శుభ్రం చేసుకుని వాడండి. అది ప్యాకేజీ పని కాదు.'

దాని కింద బూడిద రంగులో: మూసివేయబడింది.

ప్రశ్నకూ జవాబుకూ మధ్య మూడు నిమిషాలు.

ఆ మంగళవారం నేను ఆసుపత్రిలో లేను. అప్పుడూ ఇలాంటి ఉత్తరమే వచ్చింది, ఆ రోజుతో గడువు. "ఇవాళ నీ డ్యూటీ ఇంకెవరికైనా అప్పజెప్పి మీ అక్క దగ్గర కూర్చో" అని పొద్దున్నే బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. ఇంట్లో కూర్చుని ప్యాకేజీ దిద్దాను. సాయంత్రానికి గిడ్డంగివాళ్లు ఒప్పుకున్నారు. సంతోషంగా ఆసుపత్రికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, గడువులోగా అయిపోయిందని మా ఆవిడకు చెప్పాను. "మంచిది" అంది.

నాకు తెలియవలసింది ఒక్కటే. ఆ మంగళవారం పట్టికలో తక్కువ గుర్తు ఉందా, లేదా. లేకపోతే చంపింది వాడు. ఉంటే వాడు కాదు.

ఆ తరవాత గాని మిగతాది తట్టలేదు. ఆసుపత్రివాళ్లు ఆర్ కొత్త వెర్షన్‌కు మారడానికి ఏళ్లు పడుతుంది. పాతదే నడుస్తుంటుంది. బావమరిది పట్టిక నడిపేది పొద్దున పదింటికి. ఇవాళ కూడా పదింటికే. గోడ మీద గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. ముందు నా సంగతి తట్టింది, మంచాల మీద ఉన్నవాళ్ల సంగతి తరవాత తట్టింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పంక్తిని దిద్దడం నిమిషం పని. దిద్ది, మార్పుల జాబితాలో 'చిన్న సవరణలు' అని రాస్తే ఏ పురుగుకూ తెలియదు. అందరూ అలాగే రాస్తారు. నేనూ చాలాసార్లు రాశాను.

వాడి నంబరు ఫోన్‌లోంచి తీసేశాను గాని నోటికి వచ్చు. మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు?

బస్సులో నా పక్కన కూర్చున్నామె మోచేతి మడత దగ్గర దూది అంటించి ఉంది. రక్తం తీసిన చోటు. అక్కడ కూర్చోలేక లేచి వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

ఆసుపత్రిలో లిఫ్ట్ దగ్గర జనం. మెట్లెక్కాను. రెండో మలుపు తిరిగాక గోడ మీద పెద్ద అక్షరాలు కనిపించాయి. మూడో అంతస్తు, మందుల విభాగం. ఆ మాటలు వందసార్లు చూసి ఉంటాను. ఇనుప కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఎవరో "పక్కకు జరగండి పెద్దాయనా" అని దాటుకుని పోయారు.

కౌంటరులో లావుపాటి కళ్లద్దాల మనిషి ఒకామె మందులు సర్దుతోంది.

"చీటీ ఏదీ?" అంది తలెత్తకుండా.

"చీటీ లేదు. లోపల మనిషి కావాలి."

"ఏ మనిషి? ఇక్కడ అందరం మనుషులమే."

"ఫార్మసిస్టు. నా బావమరిది."

ఆమె ఇప్పుడు తలెత్తి నన్ను పైనుంచి కిందకు చూసి, లోపలికి కేకేసింది. "సార్, మీ బావగారట! మీకు బావ కూడా ఉన్నాడా?"

లోపలి నుంచి గొంతు వినిపించింది. "ఉన్నాడమ్మా. పంపించు."

ఇరుకు గది. చుట్టూ అరలు, మధ్యలో బల్ల, బల్ల మీద పాత కంప్యూటర్. వాడి జుట్టు సగం తెల్లబడింది. తెర మీద పట్టిక తెరిచి ఉంది. తొమ్మిదీ నలభై.

"నడిపావా?" అన్నాను.

"ఏంటది?"

"ఇవాళ్టి పట్టిక. నడిపావా?"

"మూడేళ్లకు వచ్చావు. ఎలా ఉన్నావురా అని ఒక్క మాట అడగవు కదా బావా."

"నడిపావా లేదా చెప్పరా!"

"ఇంకా లేదు. పదింటికి కదా నడిపేది. ముందు కూర్చో. ముఖంలో రక్తం చుక్క లేదు. మంచినీళ్లు తాగుతావా?"

"నీళ్లు తరవాత. తక్కువ గుర్తు ఉందేమో చూడు. ఉంటే నడపకు. ప్యాకేజీలో తప్పుంది."

వాడు కుర్చీ పక్కకు జరిపాడు. తెర అంచుకు ఒక పసుపు కాగితం అంటించి ఉంది. సిరా వెలిసిపోయింది. దాని మీద టేపు, ఆ టేపు మీద ఇంకో టేపు. 'ముందు గుర్తు చూడు' అని రాసి ఉంది.

"రోజూ తొమ్మిదిన్నరకు ఇక్కడ కూర్చుంటా. గడి గడీ వేలు పెట్టి చూస్తా. గుర్తుంటే తీసేసి ఒకటి అని వేస్తా. అప్పుడు నడుపుతా. ఐదేళ్ల నుంచీ ఇదే నా పూజ."

"నీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావుగా. డేటా శుభ్రం చేసుకుని వాడమని."

నాకు ముందే తెలుసు. మెట్ల మీదే తెలిసింది. అయినా ఆ మాట వాడి నోట వింటే వేరు.

"నీ పేరు పెట్టి అడిగితే ఏం పోయేదిరా?"

"పేరు పెట్టి అడిగి ఉంటే ఇంటికొచ్చినప్పుడల్లా పొడిచేవాడివి. నీ పెళ్లప్పుడు నేను ఎనిమిదో తరగతి. భిన్నాలు తప్పు చేశానని పదేళ్లు అన్నావు. చుట్టాలందరి ముందూ."

"తప్పు చేశావు కాబట్టి అన్నాను."

"అదిగో," అన్నాడు. నవ్వలేదు.

"మంగళవారం పట్టిక తియ్యి."

ఏ మంగళవారం అని వాడు అడగలేదు. "ఇప్పుడెందుకు బావా?" అన్నాడు.

"కావాలి."

"వద్దులే. పోయిన మనిషి రాదు."

"తియ్యమన్నానా?"

"ముందు వీళ్ల సంగతి చూడనీ. పైన వార్డులో సూదులు పట్టుకుని కూర్చున్నారు."

పద్నాలుగు మంది. వాడు వేలు పెట్టి ఒక్కో గడీ దాటాడు. తొమ్మిదో వరసలో ఉంది, చిన్న గుర్తు, పిచుక ముక్కంత. తీసి ఒకటి వేశాడు. నేను మొదటి నుంచి మళ్లీ చూశాను. తరవాత వాడు మళ్లీ చూశాడు. నడిపాడు. ఫలితాలు వచ్చాక ఒక్కొక్కటీ, ప్యాకేజీ రాకముందు వాడు లెక్కకు పెట్టుకున్న పాత కాగితపు పట్టికతో సరిపోల్చాను. వాడు వద్దనలేదు. అన్నీ సరిపోయాయి. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

తరవాత మూడేళ్ల కిందటి ఫైలు తెరిచాడు.

పదమూడు వరసలు. పేర్లుండవు, మంచం నంబర్లే. మా ఆవిడది పదిహేడో నంబరు మంచం, ఐదో వరస. పద్దెనిమిది.

పదకొండో వరసలో <2.

ఇంట్లో నేను చేసిన ప్రయోగంలో పద్దెనిమిది నాలుగైంది. ఇక్కడ ఆరైంది. అంతే తేడా. పక్కన అదే మాట. మోతాదు పెంచండి.

ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. బయట కౌంటరులో ఆమె ఎవరితోనో "భోజనానికి ముందు కాదమ్మా, తరవాత" అని గట్టిగా చెబుతోంది.

వాడే మొదలుపెట్టాడు. "ఆ రోజు నా బదులు వేరే ఆయన నడిపాడు. గుర్తు సంగతి ఆయనకు చెప్పడం మర్చిపోయా. నువ్వు ఫోన్ చెయ్యగానే అక్క దగ్గరికి పరిగెత్తా కదా. ఈ కాగితం తెర మీద ఉంది గాని, ఆయనకేం తెలుసు, ఏ గుర్తో? బుధవారం పొద్దున వచ్చి చూస్తే గుండె ఆగిపోయింది. అప్పటికే రెండు డోసులు వెళ్లిపోయాయి. వెంటనే దిద్దా. డాక్టరుగారికి చెప్పా."

"ఆయనేమన్నాడు?"

"ముందునుంచే మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నాయి, దీనివల్లో దానివల్లో ఎవరూ తేల్చలేరు అన్నారు."

తేల్చలేరు. నిజమే. ఒక్క మనిషితో గణాంకం కాదు. ఆ మాట పాతికేళ్లు నేను ఇతరులకు చెప్పాను.

"మిగతా పన్నెండుమంది?"

"ఏడుగురికి తేడా వచ్చింది. అందరివీ ఆ పూటే దిద్దాం. అందరూ ఇళ్లకు వెళ్లారు బావా. ఒక్కొక్కరూ వెళ్లేదాకా చూశా."

"వరండాలో నిన్ను అన్నన్ని మాటలన్నాను. అప్పుడెందుకు నోరు విప్పలేదు?"

వాడు పసుపు కాగితం అంచును వేలితో నొక్కాడు. అంటుకునే ఉంది. అయినా నొక్కాడు.

"అక్క వద్దంది."

"ఏమంది?"

"బుధవారం సాయంత్రం అక్కకు చెప్పేశా. దాచలేకపోయా. తెలివిలోనే ఉంది. 'మీ బావకు చెప్పకు. ఆయన బాగా చేశాననుకునే పని అదొక్కటే' అంది. నవ్వింది కూడా. 'తెలిస్తే ఆ కంప్యూటర్ని తిట్టి తిట్టి చంపుతాడు, అదొక శవం మన ప్రాణానికి' అంది."

అలాంటి మాట ఆవిడే అంటుంది. వాడు కల్పించలేడు.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

"అంటే అక్కా తమ్ముడూ కలిసి నన్ను చంటిపిల్లాణ్ణి చేశారు."

"నిన్ను కాపాడాం."

"నన్ను కాపాడారు, సరే. ఆ తరవాత మూడేళ్లు ఇది నలభై ఆసుపత్రుల్లో నడిచింది. ఆ మంచాల మీద ఉన్నవాళ్లను ఎవరు కాపాడార్రా? వాళ్లందరికీ నీలాంటి మనిషి, పసుపు కాగితం ఉన్నాయా?"

వాడి ముఖం తెల్లబోయింది. ఆ సంగతి వాడు ఇన్నేళ్లూ ఆలోచించలేదని తెలిసిపోయింది.

"వాళ్లూ శుభ్రం చేసుకుంటున్నారనుకున్నా," అన్నాడు మెల్లగా. "నువ్వు అందరికీ కనిపించేలా రాసిపెట్టావు కదా బావా. తప్పు మాదే అనుకున్నా."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవాలన్నా ముందు చేతులు చూపించాలి.

"లే. ఆ కుర్చీ ఇలా ఇవ్వు," అన్నాను.

వాడి కంప్యూటర్ మీదే కూర్చున్నాను. నలభై ఒకటో పంక్తి తీసేశాను. అంకె కానిది ఏ గడిలో కనిపించినా ప్యాకేజీ అక్కడే ఆగిపోయి, ఏ వరసో చెప్పేలా రాశాను. లెక్క చెయ్యదు. ఊహించదు. తరవాత కొత్త పరీక్ష రాశాను. అరవై మూడోది. అంకెలు కల్పించలేదు. ఆ మంగళవారం పదమూడు అంకెలూ ఉన్నవి ఉన్నట్టు దించాను. ఐదో వరస పద్దెనిమిది. పదకొండో వరస <2. ఇకమీదట ఆ ప్యాకేజీ ఎక్కడ తయారైనా, ఎవరు తయారుచేసినా, ముందు ఆ మంగళవారం దాటాలి.

మార్పుల జాబితా దగ్గర చెయ్యి ఆగింది. వెనక నుంచి వాడు చూస్తున్నాడు.

"చిన్న సవరణ అని పెట్టెయ్ బావా. అందరికీ ఒక ఉత్తరం రాసి, కొత్తది వాడండి, పాతది వద్దు అను. చాలదా?"

"పాత పట్టికలెవరు చూస్తారు?"

"చూస్తే లేనిపోని గొడవ. రేపు ఎవడో కోర్టుకెళ్తే?"

"ఏ హామీ లేదని ప్యాకేజీతో పాటు ఒక కాగితం ఉంటుంది. కోర్టులో అది నన్ను కాపాడుతుంది. ఇంట్లో కాపాడదు."

రాశాను. 'మొదటి వెర్షన్ నుంచి నిన్నటిదాకా ఈ ప్యాకేజీలో తప్పు ఉంది. వరసలో తక్కువ గుర్తు ఉన్న రోజున ఇచ్చిన మోతాదులు నమ్మవద్దు. పాత పట్టికలన్నీ తిరిగి చూడండి. ఒక రోగికి ఎక్కువ మందు వెళ్లి, ఆ వారంలోనే చనిపోయారు. ఈ తప్పును ఐదేళ్ల కిందటే ఒకరు పట్టుకుని చెప్పారు. నేను వినలేదు. తప్పు నాది.' కింద నా పేరు.

తరవాత ఫిర్యాదుల పేజీకి వెళ్లి మూడోఅంతస్తు రాసినదాన్ని తెరిచాను. 'తిరిగి తెరువు' అన్న చోట నొక్కాను. బూడిద రంగు పోయి ఆకుపచ్చ అయింది. వాడు గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. తాగాను.

నాకు రాసిన నలభైమూడు చోట్లకూ ఆ పూటే ఉత్తరాలు పంపాను.

వరండాలో అన్న మాటకు వాడిని క్షమించమని అడగలేదు. వాడూ ఏమీ అడగలేదు. మెట్ల దాకా వచ్చి, "ఫోన్ చేస్తే ఎత్తుతా" అన్నాడు.

మంగళవారం పొద్దున తొలి జవాబు వచ్చింది. మీట నొక్కడానికి ముందు చేతులు తుడుచుకున్నాను. 'మా యంత్రం గుర్తులు వెయ్యదు. సున్నా వేస్తుంది. మాకు ఇబ్బంది లేదు.' రెండోది, 'మేం ఆ మందు వాడటం మానేసి రెండేళ్లయింది.' మూడోది ఒట్టి ధన్యవాదాలు. దేనికో తెలియదు. ఒక్కొక్కటి చదివినప్పుడల్లా ఊపిరి తిరిగి వచ్చేది. వెంటనే, మిగిలినవి ఇంకా నలభై అని గుర్తొచ్చేది. ఫోన్ గుర్రుమంటే ఉలిక్కిపడేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూసి నవ్వేవాళ్లం చిన్నప్పుడు. ఇప్పుడు రెండు భుజాల మీదా కాయ ఉంది.

బుధవారం మధ్యాహ్నం ఎనిమిదోది వచ్చింది.

'మాది పిల్లల ఆసుపత్రి. ఆరేళ్ల పట్టికలు దాచి ఉంచాం. తక్కువ గుర్తు ఉన్న రోజులు వెతికితే రెండు వందల పదకొండు తేలాయి. ఇప్పుడు ఏం చెయ్యాలో మాకు తెలియడం లేదు. మీరు చెప్పగలరా?' రాసినది ఆ ఆసుపత్రి ఫార్మసిస్టు. సార్ అని రాయలేదు. పట్టికలు జత చేసింది. ఒకే ఫైలు.

చాలాసేపు దాన్ని తెరవలేదు. ఫైలు పేరు చూస్తూ కూర్చున్నాను. పిల్లల మూత్రపిండాలు ఎంత ఉంటాయో ఎప్పుడో చదివాను. గుప్పిటలో పడతాయి.

బావమరిదికి ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తాడు.

"డ్యూటీ ఎన్నింటికి అవుతుంది?"

"నాలుగింటికి. ఏమైంది బావా?"

"ఒక ఫైలు వచ్చింది. రెండు వందల పదకొండు రోజులది. పిల్లలది. ఒక్కణ్ణే తెరవలేను."

అవతల అరలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"నేను వచ్చేదాకా తెరవకు," అన్నాడు.

ఈలోగా ఆమెకు జవాబు రాశాను. ఐదేళ్ల కింద మూడు నిమిషాలు పట్టింది. ఇప్పుడు గంటన్నర పట్టింది. చివరికి మిగిలింది రెండు వాక్యాలు. 'ప్రతి రోజూ, ప్రతి బిడ్డ లెక్కా నేను తిరిగి చేస్తాను. ఎవరికి ఎంత ఎక్కువ వెళ్లిందో రాసి పంపుతాను, ఏదీ దాచను.'

నాలుగున్నరకు వాడొచ్చాడు. గదిలో రెండో కుర్చీ మీద మూడేళ్ల పాత పత్రికలున్నాయి. మా ఆవిడ కూర్చుని నన్ను పోరిన కుర్చీ. పత్రికలు తీసి నేల మీద పెట్టాను. వాడు కూర్చుని సంచిలోంచి కాగితపు పట్టిక తీశాడు, మడతల దగ్గర చిరిగిపోయినది. కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"తెరువు బావా."

తెరిచాను. మొదటి రోజు పట్టికలో ఆరుగురు పిల్లలు. వాడు వేలు పెట్టాడు. ఒకటో వరస. రెండో వరస.

మూడో వరసలో గుర్తు ఉంది.